మొగలిలంకలో గోరువెచ్చని కుండలు

మొగలిలంకలో ఆడవాళ్లు పొద్దున్నే కళ్లాపి చల్లకముందే ఒక పని చేసేవారు. వంటింట్లోకి వెళ్లి కుండ పొట్టమీద అరచెయ్యి ఆనించి చూసేవారు. గోరువెచ్చగా ఉంటే కుమ్మరి ముసలయ్య కులాసాగా ఉన్నట్టు. చెయ్యి చురుక్కుమంటే ఆయనకి జ్వరం తగిలినట్టు. ఇక శొంఠి నూరేవాళ్లు శొంఠి, మిరియాల చారు కాచేవాళ్లు చారు. బారెడు పొద్దెక్కేసరికి ముసలయ్య అరుగుమీద గిన్నెలు బారులు తీరేవి.

సరిగ్గా అదే వేళకి ముసలయ్య కోడలు గంగారత్నం కూడా చెయ్యి ఆనించి చూసుకునేది. కుండమీద కాదండోయ్, తన నుదుటిమీద. తర్వాత మెడకింద. తర్వాత రెండో చేత్తో మళ్లీ నుదుటిమీద. అప్పటికీ నమ్మకం కుదిరేది కాదు.

"మావయ్యా, ఒక్కసారి చూడండి. వేడిగా ఉన్నానా?"

"నిక్షేపంలా ఉన్నావే పిచ్చిపిల్లా. నీ భయంతోటే జ్వరం తెచ్చుకునేట్టున్నావు" అనేవాడు ముసలయ్య. ఆ మాట అంటూనే తనూ ఒకసారి చూసేవాడు.

కొల్లేటి నడుమ లంక అది. ఎటు చూసినా నీళ్లూ, తుంగా, కొంగలూ. దోనె ఎక్కకపోతే ఏలూరు లేదు. ముసలయ్య ఇంటి కుండలు చేసినవాడి ఒంటి వేడిని దాచుకుంటాయి. ఆవంలో కాలి చల్లారాక కూడా ఆ వేడి పోదు, చేసినవాడు బతికున్నన్నాళ్లూ ఉంటుంది. అందుకే ఆ ఊరి కడవల్లో నీళ్లు ఎండాకాలం కూడా చల్లబడవు. మొగలిలంకవాళ్లు ఏలూరు సంతకెళ్లి అక్కడి కూజా నీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. పెరుగు మాత్రం అట్లకాడతో కోసి వడ్డించుకునేలా తోడుకునేది. ముసలయ్య తండ్రి ఏలూరు కాలవగట్టున కుండలమ్ముతూ ఒరిగిపోయిన రోజున ఇక్కడ ఆయన చేసిన కుండలన్నీ మట్టమధ్యాహ్నం చల్లబడ్డాయి. దోనె మీద ఆయన్ని తెచ్చేసరికే ఊరివాళ్లు పాడె కట్టి ఉంచారు.

అంతా బాగానే ఉంది. గంగారత్నానికి వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఈ రెండేళ్లుగా ఆ కుండలు చేస్తున్నది ముసలయ్య కాదు, ఆమె.

రెండేళ్లనాడు ముసలయ్య చేతులు వణకడం మొదలెట్టాయి. కొడుకు పైడిరాజు చేతికి మట్టి లొంగదు. అతను చేసిన కుండని నేలమీద పెడితే దొర్లుకుంటూ వాకిట్లోకి పోయేది. అతను తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో చేరాడు. నెలకోసారి వస్తాడు, బస్తాడు నూకలు తెస్తాడు, కుండలు చేసే సారెవంక మాత్రం చూడడు. మంచివాడే పాపం.

గంగారత్నం ముసలయ్యకి కోడలు కాకముందు మేనకోడలు. పాకే వయసులోనే మేనమామ తొక్కిన మట్టిలో పడి, దాన్ని నోట్లో పెట్టుకుని కేరింతలు కొట్టిన పిల్ల. ఇప్పటికీ మట్టి బాగుందో లేదో నాలిక చివర పెట్టుకునే చెబుతుంది. కుమ్మరింటి ఆడది మట్టి తొక్కచ్చు, రాళ్లేరచ్చు, ఆవం పేర్చచ్చు, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మచ్చు. సారె ముందు మాత్రం కూర్చోకూడదు. సారె అంటే దేవుడు. ఆడది దాన్ని తిప్పితే ఆవం పగులుతుంది, ఊరికి అరిష్టం. ఎవరు చెప్పారంటే ఎవరో చెప్పారు.

ఒకనాడు ముసలయ్య సారెమీద పెట్టిన ముద్ద మూడుసార్లు కూలిపోయింది. నాలుగోసారి కూలాక ఆయన మట్టి చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చాడు.

"లేవండి మావయ్యా" అంది గంగారత్నం.

ఆయన తలెత్తి కోడలివంక చూశాడు. లేచి వెళ్లి గుమ్మానికి తడిక అడ్డం పెట్టి వచ్చాడు.

ఆ మొదటి కుండ తన వేళ్ల మధ్య లేస్తుంటే గంగారత్నానికి ఒళ్లంతా గగుర్పొడిచింది. ఇన్నేళ్లూ పాదాలకే తెలిసిన మట్టి ఇప్పుడు అరచేతుల్లోకి వచ్చింది. అది ఎక్కడ మెత్తబడుతుందో, ఎక్కడ మొండికేస్తుందో, ఎప్పుడు చాలంటుందో అన్నీ తెలుస్తున్నాయి. ఆ పూట అన్నం వండడం మర్చిపోయింది. ముసలయ్య కూడా అడగడం మర్చిపోయాడు.

ఆ తర్వాత ఆమెకి ఏం చూసినా కుండే. రేవులో బియ్యం కడుగుతూ గూడకొంగని చూసేది. అది చేపని మింగే ముందు గొంతుసంచి కిందికి సాగుతుందే, ఆ ఒంపు చూస్తూ సగం బియ్యం నీళ్లపాలు చేసేది. మర్నాటి అటికలకి ఆ పొట్ట వచ్చేది. తామరమొగ్గ విచ్చుకునే ముందు అంచు రవ్వంత బయటికి తిరుగుతుంది. పిడతల మూతికి ఆ తిరుగుడు వచ్చేది. "ఈమధ్య ముసలయ్య చెయ్యి పల్చబడిందర్రా, కుండ పువ్వులా ఉంటోంది" అని ఊరంతా మెచ్చుకుంటుంటే, తట్ట కింద తలొంచుకుని వినేది. సంతోషంలో తట్ట బరువు తెలిసేది కాదు. వెంటనే భయం వేసేది.

భయం జ్వరమంటే. కొల్లేటి దోమలకి చలిజ్వరం ఎవర్నీ వదలదు. తనకి జ్వరమొస్తే ఊళ్లో కుండలన్నీ కాలతాయి, అరుగుమీద ముసలయ్య గుండ్రాయిలా కూర్చుని ఉంటాడు. ఇంకేముంది, గుట్టు రట్టు! ఆ ఇంటికి ఊరి కుండలు చేసే హక్కు పోతుంది, అమ్మవారి జాతరలో మోసే గరగలు చేసే హక్కు పోతుంది. అవన్నీ ఒక ఎత్తు. తన చేతులు మళ్లీ సారెమీద పడనివ్వరు. ఆ ఆలోచన వస్తే గంగారత్నానికి ముద్ద దిగేది కాదు.

కార్తీకంలో ఆ జ్వరం రానే వచ్చింది. తెల్లారేసరికి పళ్లు టకటకలాడుతున్నాయి. గంగారత్నం వణుక్కుంటూనే ముసలయ్యని లేపింది.

"మావయ్యా, పడుకోండి. దుప్పటి కప్పుకోండి. మూలగండి."

"ఎందుకే?"

"వచ్చేస్తున్నారు!"

ఊరు రానే వచ్చింది. అందరికంటే ముందు శేషారత్నం. పక్కవీధి ఆవిడ, ముసలయ్యని బాబాయ్ అని పిలుస్తుంది. ఆవిడ కంటికి చిక్కకుండా లంకలో పిల్లి కూడా పాలు తాగలేదు.

"కొత్త అటిక ముట్టుకుంటే కాలిపోతోంది బాబాయ్. నువ్వెలా ఉన్నావోనని పరుగెత్తుకొచ్చాను. కానీ ఒక్కటి తెలీడం లేదు. మా పాత బాన ఉందే, నువ్వు నా పెళ్లికి చేసిచ్చింది, అది ఎప్పట్లాగే ఉంది. అదేమిటంటావు?"

దుప్పటి లోపల ముసలయ్యకి నిజంగానే చెమటలు పట్టాయి. "పాతది కదమ్మా. దానికి చెవుడొచ్చి ఉంటుంది" అని మూలిగాడు.

శేషారత్నం పొయ్యి దగ్గర ముడుచుక్కూర్చున్న గంగారత్నాన్ని ఒకసారి చూసింది. చారుగిన్నె ఆమె పక్కనే పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాంపౌండరు యేసుదాసు వచ్చాడు. మిషన్ ఆసుపత్రి నుంచి గురువారం గురువారం మందులపెట్టెతో దోనెలో వచ్చే మనిషి. ముసలయ్య చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒళ్లు చల్లగానే ఉందండీ తాతగారూ."

"లోపలి జ్వరం నాయనా."

యేసుదాసు నవ్వలేదు. చలిజ్వరానికి వాడే కొయినా మాత్రలు పొట్లం కట్టి గంగారత్నానికి ఇచ్చాడు. "రోజుకి మూడమ్మా. చేదుగా ఉంటాయి, తాతగారు మింగనని పేచీ పెడతారు. ముందు మీరు మింగి చూపించండి. తప్పకుండా చూపించాలి సుమా" అన్నాడు.

అలా ఆ గండం గడిచింది. గంగారత్నం అప్పట్నుంచీ వానలో తడిసేది కాదు, మంచులో తిరిగేది కాదు, పొద్దు వాలితే దోమలకి భయపడి వేపాకు పొగలో కళ్లు మండుతున్నా కూర్చునేది. మాత్రలు పెరుగన్నంలాగా తినేది. తీరా ఫాల్గుణం వచ్చింది. జాతర వచ్చింది.

అమ్మవారి జాతరకి ఏటా ఏడు కొత్త గరగలు కావాలి. ఊరి పెద్దలు వాటిని నెత్తిన పెట్టుకుని డప్పులతో లంకంతా తిరుగుతారు. ఆ గరగలకి ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. నీళ్లు తీసిన ఫాల్గుణంలో, రెల్లుదుబ్బుల వెనకాల ఒకచోట నీలంమన్ను బయటపడుతుంది. ఆ చోటు ముసలయ్య ఇంటివాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. కుమ్మరి ముందురోజు పస్తుండాలి. తెల్లారకముందే నిండా మునిగి, తడిబట్టతో ఒంటరిగా దోనెక్కాలి. ఎవరూ ఎదురు రాకూడదు. తవ్విన చెయ్యే ఆ మట్టిని సారెమీద పెట్టాలి.

పోయిన రెండేళ్లూ ముసలయ్య ఎలాగో వెళ్లి నాలుగు గుప్పిళ్లు పైపైన గీరి తెచ్చాడు. ఈసారి ఆయన కాళ్లు కూడా వణుకుతున్నాయి.

"ఎవరైనా కుర్రాణ్ణి పంపిద్దామే. మట్టి మట్టే కదా" అన్నాడు.

"తవ్విన చెయ్యే చెయ్యాలి కదా మావయ్యా."

"పోయిన రెండేళ్లూ నేను తవ్వితే నువ్వు చెయ్యలా?"

"చేశాను. రెండేళ్లూ నాకు నిద్ర లేదు. ఊరిని మోసం చేస్తున్నాం, సరే. అమ్మవారిని కూడానా? ఈసారి నేనే వెళ్తాను. మీరు మన్నుకెళ్లారని ఊరనుకోవాలి. నేనొచ్చేదాకా తడిక తియ్యకండి, దగ్గు కూడా దగ్గకండి. ఒట్టు వెయ్యండి."

ఆయన ఒట్టు వేశాడు. గంగారత్నం పస్తు కాబట్టి ముందురోజు మాత్రలు వేసుకోలేదు. చీకటితో మునిగి, తడికోక గోచీ పోసుకుని, ముసలయ్య తలపాగా చుట్టుకుంది. నుదురు ముట్టుకుని చూసుకుంది. వేళ్లు వణికాయి. తడిబట్ట కదా, ఆమాత్రం చలి ఉండదా అనుకుంది.

ముసలయ్య సారె పక్కన నేలమీద కూర్చుని వరసగా పేర్చిన కొత్త కుండలకి వీపు ఆనించాడు. వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనానికి కాస్త కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి తడిక సందుల్లోంచి ఎండ పడుతోంది. వీపు చల్లగా ఉంది.

తిరిగి కుండ ముట్టుకున్నాడు. చల్లగా అంటే మరీ చల్లగా కాదు. నీళ్లలో నిలబడి తవ్వుతోంది కదా, ఒళ్లు చల్లబడదూ అనుకున్నాడు. ఒక అటిక తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈపాటికి తట్ట నిండే ఉంటుంది, దోనెక్కే ఉంటుంది. అటిక ఇంకాస్త చల్లబడింది. రెండు చేతుల్తోనూ చుట్టేశాడు. బయటికెళ్లి అరిస్తే గుట్టు పోతుంది. తీరా అమ్మాయి నవ్వుకుంటూ వచ్చి, ఎంత పని చేశారు మావయ్యా అంటే? ఒట్టు కూడా వేశాడాయె. ఇంకొంచెంసేపు చూద్దాం. ఇదుగో, ఈ ఎండ సారె గూటం దాకా వచ్చేవరకు.

ఎండ గూటం దాకా రాకుండానే అటిక రేవులో రాయిలా అయిపోయింది. ముసలయ్యకి తన తండ్రి చచ్చిపోయిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. "అయ్యో, నా తల్లీ!" అని ఒక్క కేక పెట్టి తడికని కాలితో తన్నాడు.

వాకిట్లో అప్పటికే ఊరు ఊరంతా ఉంది. ఆడవాళ్లు చల్లబడ్డ కుండలు చంకన పెట్టుకుని వచ్చి, కోడలికి ఈ మాట ఎలా చెప్పాలా అని గుమ్మం బయటే ముక్కులు చీదుతున్నారు. మునసబు వెంకట్రాజు గారు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. తడిక ఊడి కిందపడి, అందులోంచి చచ్చిపోయాడనుకున్న మనిషి బయటికి వచ్చేసరికి అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"నాకేం కాలేదు! ఆ కుండలు నేను చెయ్యలేదు. రెండేళ్లుగా నేను ఒక్కటీ చెయ్యలేదు. అన్నీ మా గంగారత్నమే. అది మన్నుకెళ్లింది. మీకు దణ్ణం పెడతాను, రండి!"

మునసబు గారి మొహం జేవురించింది. "ఆడదాని చేత సారె తిప్పించావా? రెండేళ్లుగా అమ్మవారి నైవేద్యం ఆ కుండల్లోనా వండించావు ముసలయ్యా?"

"మునసబు గారూ, ఆ తగువు తర్వాత తీరుద్దురు గాని" అంది అప్పుడే కుండతో పరుగెత్తుకొచ్చిన శేషారత్నం. "ముందు దోనెల కట్లు విప్పించండి. పిల్ల చల్లబడిపోతోంది."

మునసబు గారు నోరు తెరిచి, ఆవిడ చంకలోని కుండని చూసి, మళ్లీ మూసుకున్నారు. రేవుకేసి తిరిగి గట్టిగా కేకేశారు. నాలుగు దోనెలు కదిలాయి. ముందు దోనెలో ముసలయ్యని ఎత్తి కూర్చోబెట్టారు. గురువారం కావడంతో అప్పుడే రేవులో దిగుతున్న యేసుదాసు దిగకుండానే ఆయన పక్కన చేరాడు. ముసలయ్య వేలు పైకెత్తి దారి చూపించాడు. ఆ వేలు వణుకుతూనే ఉంది కానీ దారి తప్పలేదు.

రెల్లుదుబ్బుల వెనకాల గంగారత్నం రొమ్ముల దాకా బురదలో ఉంది. తవ్వుతుండగా చలి పుట్టుకొచ్చి కాళ్లు విరిగినట్టయిపోయాయి, లేవబోయినకొద్దీ దిగబడింది. తట్టని కౌగలించుకుని దానిమీద తల వాల్చేసింది. పెదాలు నేరేడుపండు రంగు. తట్ట నిండా నీలంమన్ను.

బల్లలు పరిచి, నడుముకి తాడేసి లాగారు. గట్టున పడుకోబెట్టి యేసుదాసు అరికాళ్లు రుద్దాడు. నోట్లో వేడిపాలు పోస్తే పక్కనుంచి కారిపోయాయి.

"నాడి దారంలా ఉందండీ. ఒంట్లోకి వేడి రావాలి. రాకపోతే..." అని యేసుదాసు తల దించుకున్నాడు. ముసలయ్య కోడలి చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, "నేను కాసేపు ముందే తడిక తీసి ఉంటే, కాసేపు ముందే" అని అదే మాట అంటూ కూర్చున్నాడు.

అక్కడ లంకలో ఆడవాళ్లు రేవులో నిలబడి నీళ్లకేసి చూస్తున్నారు. శేషారత్నానికి ఊరికే నిలబడడం చేతకాదు. మెట్టుమీద కూలబడి చంకలో కుండని ఒళ్లోకి తీసుకుంది. పమిటకొంగు కప్పింది. చంటిబిడ్డకి నలుగుపెట్టినట్టు అరచేతుల్తో దాని పొట్ట రుద్దడం మొదలెట్టింది.

"ఏం చేస్తున్నావు వదినా?" అంది ఎవరో.

"ఇన్నాళ్లూ దాని వేడి మన ఇళ్లల్లోకి వచ్చింది. దారంటూ ఉన్నాక అటు పోదేమిటి? కూర్చోండే. మీ మీ కుండలు ఒళ్లో పెట్టుకోండి."

పోతుందో పోదో ఎవరికీ తెలీదు. అంతకు ముందు ఎవరూ చేసి చూడలేదు. కూర్చున్నారు. కుండ తేనివాళ్లు ఇంటికి పరుగెత్తి తెచ్చుకున్నారు. బాలింతలు బిడ్డని ఒక పక్కకి జరిపి కుండకి చోటిచ్చారు. బొంతలు కప్పారు, రుద్దారు, నోటి ఆవిరి ఊదారు. మొగలిలంకలో ఆ పూట ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక గంగారత్నం ముక్కు చిట్లించింది. యేసుదాసు రుద్దడం ఆపాడు. ఆమె పెదాలు కదిలాయి. ముసలయ్య చెవి ఆనించాడు.

"మావయ్యా... ఎవరో చేపలపులుసు కుండ కడక్కుండా ఒళ్లో పెట్టుకున్నారు. నా మెడంతా ఒకటే వాసన. కడగమనండి."

ముసలయ్య గట్టుమీద కూలబడి చంటిపిల్లాడిలా బావురుమన్నాడు.

సాయంకాలానికి ఆమె ఇంట్లో మంచంమీద ఉంది. జ్వరంతో ఒళ్లు పేలిపోతోంది, ఊళ్లో కుండలు కాలిపోతున్నాయి, అందరూ అమ్మయ్య అనుకున్నారు. శేషారత్నం తలదగ్గర కూర్చుని గంజి తాగించింది.

"నీకు ఎప్పుడు తెలిసింది వదినా?" అని అడిగింది గంగారత్నం.

"నువ్వు చేసిన మొదటి అటికలోనే. పాత బాన ఒక వేడి, అది ఒక వేడి. నాకు ఆమాత్రం తెలీదనుకున్నావా? పెరుగు కూడా నీ దాంట్లోనే బాగా తోడుకుంది. ఇక నోరెందుకు విప్పుతాను?"

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మునసబు గారు. గంగారత్నం లేవబోయింది. సారె తీసుకుపోతామంటారు. పోయిన ప్రాణం ఇందుకా తిరిగొచ్చింది అనుకుంది.

మునసబు గారు లోపలికి రాలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డారు. ఆయన తెల్లచొక్కా రొమ్ముమీద గుండ్రంగా మసి అంటుకుని ఉంది. వాళ్లింట్లో కొత్తగా చేయించిన పెద్ద బాన ఎవరి ఒళ్లోనూ పట్టదు, కౌగలించుకోవాల్సిందే.

"గరగలు ఎప్పటికవుతాయి అమ్మాయ్?" అన్నారు.

శేషారత్నమే చెప్పింది. "జ్వరం తగ్గనివ్వండి మునసబు గారూ. జాతరకి ఇంకా పన్నెండు రోజులుంది."

"నేనేం తొందరపెట్టడం లేదే" అంటూ ఆయన మెట్లు దిగిపోయారు.

నాలుగోనాడు పొద్దున్నే గంగారత్నం లేచింది. ముసలయ్య నీలంమన్ను తొక్కి ముద్ద చేసి సారె పక్కన పెట్టి ఉంచాడు. ఊడిన తడికని ఎవరూ మళ్లీ కట్టలేదు. గుమ్మంలోంచి వీధంతా కనిపిస్తోంది. ఆమె కూర్చుని ముద్దని రెండు చేతుల్తోనూ ఎత్తి సారె నడిమధ్య పెట్టింది. అలవాటుగా చెయ్యి నుదుటిమీదికి వెళ్లింది.

అంతలో వీధిలోంచి శేషారత్నం గొంతు వినిపించింది. "ఏమర్రా, గంగారత్నం ఎలా ఉంది ఇవాళ?"

"గోరువెచ్చగా ఉంది వదినా" అని ఒక వంటింట్లోంచి.

"మా ఇంట్లోనూ అంతే" అని ఇంకో వంటింట్లోంచి.

గంగారత్నం చెయ్యి కిందికి దించి, సారె తిప్పింది.